కార్యపరిశోధనము: విద్యార్థులకొక పరిచయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఉన్నత పాఠశాల విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



ఈ రజతోత్సవమున నన్ను ప్రాచీన కావ్యములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పద్యము చదువుట నాకు ప్రీతియే. కాని నా వృత్తి లెక్కలు వ్రాయుట. మా తాతగారును, తండ్రిగారును ఈ గ్రామమున కరణములై అడంగళ్లు వ్రాసిరి. నేను మీ వయస్సున నుండగా, 1984లో, ఆ పదవులు రద్దయినవి. నేను సహకార సంఘమున చిట్టా ఆవర్జాలు వ్రాసికొనుచు కాలము గడుపుచున్నాను. కావ్యములను గూర్చి చెప్పువారు సభలో మరి యిద్దరున్నారు గనుక, నేను లెక్కను గూర్చియే చెప్పుదునని వారి యనుమతి గైకొంటిని.

లెక్కలనగా పరీక్షలో మార్కులకై పడవలసిన పాట్లని మీలో పలువురి తలంపు. లెక్క సముద్రము మీద ఓడలను, ఓడలలోని మనుష్యులను కాపాడిన చరిత్ర యొకటి కలదు. ఆ చరిత్రతో పుట్టిన శాస్త్రమును ఆంగ్లమున ఆపరేషన్స్ రీసెర్చి యందురు. ఆపరేషను అనగానే మీకు ఆసుపత్రి గుర్తునకు వచ్చును. ఇచ్చట ఆ మాట సైనికుల వాడుకలోనిది; సేన జరుపు చర్య యని దాని యర్థము. నేను దీనిని కార్యపరిశోధనమని వ్యవహరించెదను. జరుగుచున్న పనిని కన్నులార చూచి, అంకెలతో కొలిచి, ఉన్న సాధనములతోనే దానిని ఇంతకంటె మేలుగా జరుపు మార్గమేదో లెక్కగట్టి, నిర్ణయము చేయవలసినవానికి నివేదించుట: ఇంతియే దీని స్వరూపము.

ఆంధ్ర మహాభారతమున ఆరణ్యపర్వములోని నలోపాఖ్యానము మీలో కొందరు చదివియుందురు. దమయంతీ స్వయంవరమునకు ఒక్క దినములో చేరవలెనని ఋతుపర్ణుడు రథముపై పోవుచున్నాడు. బాహుకుని రూపమున నలుడు సారథి. త్రోవలో నొక తాండ్రచెట్టును చూచి, దాని యాకులెన్నియో కాయలెన్నియో ఋతుపర్ణుడు చూచినంతమాత్రమున చెప్పెను. రాజు ఎంత తొందరపెట్టినను బాహుకుడు వినలేదు. రథము నిలిపి, చెట్టు పడగొట్టి, లెక్కించి, సరిపోయిన పిమ్మటనే నమ్మెను. అందరును ఋతుపర్ణుని మెచ్చుకొందురు. నాకు బాహుకుని యందే మక్కువ. రాజు చెప్పినాడు గదా యని యూరకుండక సరిచూచినవాడు అతడు. ఇంతమాత్రమున ఈ శాస్త్రము మన పూర్వులకు తెలియునని నేను చెప్పబోను. అట్లు చెప్పుట పూర్వులకును గౌరవము కాదు, శాస్త్రమునకును గౌరవము కాదు. ఆ గుణము మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.

ఇక చరిత్ర. ఇంగ్లండు తూర్పుతీరమున బాడ్సీ అను చోట 1930 తరువాతి సంవత్సరములలో రాడారు యంత్రములపై పరిశోధన జరుగుచుండెను. శత్రువిమానము దూరమున నుండగనే యంత్రము కనిపెట్టుచున్నది. కాని ఆ వార్త యెవరికి చేరవలెను, ఎంతసేపటిలో చేరవలెను, రెండు కేంద్రములు రెండు విధములుగా చెప్పినచో దేనిని నమ్మవలెను? యంత్రము మంచిదైనను దానిని వాడు విధము కుదురలేదు. యంత్రమును గాక వాడుకనే పరిశోధింపవలెనని అచటి అధికారి ఎ. పి. రో 1938లో నిశ్చయించి, ఆ పనికి ఆపరేషనల్ రీసెర్చి యని పేరిడెను. పేరు అప్పుడు పుట్టినది.

దానికి ప్రసిద్ధి తెచ్చినవాడు పాట్రిక్ బ్లాకెట్టు. ఇతడు భౌతికశాస్త్రవేత్త, 1948లో నోబెలు బహుమానము పొందెను. రెండవ ప్రపంచ యుద్ధారంభమున విమాన విధ్వంసక ఫిరంగుల విభాగమునకు సలహాదారుగా కుదిరి, తన చుట్టు నొక చిత్రమైన బృందమును చేర్చుకొనెను. అందు శరీరశాస్త్రజ్ఞులు ముగ్గురు, గణిత భౌతికవేత్తలు ఇద్దరు, నక్షత్రముల సంగతి చదివినవాడొకడు, సైనికాధికారి యొకడు, భూమి కొలుచు సర్వేయరొకడు మున్నగువారుండిరి. దీనిని జనులు బ్లాకెట్టు సర్కసు అని పరిహాసము చేసిరి. ఆ జట్టులో గొలుసు పట్టి భూమి కొలిచినవాడు కూడ నుండుట మాబోటి దస్త్రములవారికి ముచ్చట గొల్పు విషయము. కప్పల నరములను పరీక్షించువాడు ఫిరంగిని గూర్చి యేమి చెప్పగలడని మీరడుగవచ్చును. ఫిరంగిని గూర్చి అతనికేమియు తెలియకుండుటయే మేలైనది. తెలిసినవాడు అలవాటుచే అడుగని ప్రశ్నను తెలియనివాడు అడుగును.

అట్టి ప్రశ్న నొకదానిని విపులముగా చెప్పెదను. బ్రిటనుకు తిండియు, ఇంధనమును ఓడలపై రావలెను. జర్మను జలాంతర్గాములు ఆ ఓడలను ముంచుచుండెను. వానిని వెదకి విమానములు నీటిలో పేలు బాంబులు వేయుచుండెను. ఆ బాంబు ఎంత లోతున పేలవలెనో ముందుగనే అమర్పవలెను. 100 అడుగుల లోతునకు అమర్చుచుండిరి. వారి తర్కమిది: విమానము మీదికి వచ్చుటకు సుమారు రెండు నిమిషముల ముందే జలాంతర్గామివారు దానిని చూతురు, ఆ వ్యవధిలో 100 అడుగులు మునుగుదురు, కావున బాంబు అచటనే పేలవలెను. తర్కమున దోషము కనబడదు. అయినను జలాంతర్గాములు తప్పించుకొని పోవుచునే యున్నవి.

1941లో ఇ. జె. విలియమ్సు అను వేల్సు దేశీయుడు, బ్లాకెట్టు సహచరుడు, దాడుల నివేదికలన్నిటిని ముందు పెట్టుకొని చదివెను. అతడు చూచినదేమనగా: రెండు నిమిషములు ముందుగా మునిగిన జలాంతర్గామి ఎంత లోతున నున్నదో కొంత యూహింపవచ్చునే గాని, ఏ ప్రక్కకు పోయినదో ఎవరికి తెలియును? దానిపై వేసిన బాంబు గురి తప్పుట సహజము. గురి కుదురునది ఇంకను నీటిపై నున్నదానిమీదనో, అప్పుడే మునుగుచున్నదాని మీదనో మాత్రమే. వానిపై వేసిన బాంబు సరిగా ప్రక్కన పడియు, 100 అడుగులు దిగి, క్రింద వ్యర్థముగా పేలుచున్నది. ఆ పేలుడు ఇరువది యడుగుల మేరకు మాత్రమే ప్రాణాంతకము. దొరకని దానికై అమర్చి, దొరకిన దానిని విడిచిపెట్టుచుండిరన్నమాట. లోతు 25 అడుగులకు తగ్గింపుమని విలియమ్సు సలహా యిచ్చెను. క్రొత్త విమానము లేదు, క్రొత్త మందు లేదు, పైకము ఖర్చు లేదు, అమరిక మారినది. మునిగిన జలాంతర్గాముల సంఖ్య పెరిగినది. బ్రిటిషువారు మరింత బలమైన క్రొత్త ప్రేలుడు పదార్థమును కనిపెట్టిరని జర్మను నావికులు భ్రమించిరట.

దీనిలో సగటు అను మాట చేసిన మోసమును గుర్తింపుడు. సగటు జలాంతర్గామి 100 అడుగుల లోతున నుండుట నిజమే. కాని బాంబు వేయునది సగటుపై కాదు.

రెండవ యుదాహరణము మీ రేఖాగణితమునకు సంబంధించినది. వర్తకపు ఓడలు గుంపులుగా పోవుచుండ, చుట్టును కాపలా ఓడలు తిరుగుచుండెను. గుంపు చిన్నదైన క్షేమమని నౌకాధికారుల నమ్మకము. 1941, 1942 సంవత్సరముల లెక్కలు తీయగా, సగటున 32 ఓడలున్న చిన్న గుంపులలో నూటికి 2.5 వంతునను, సగటున 54 ఓడలున్న పెద్ద గుంపులలో నూటికి 1.1 వంతునను నష్టము కనబడినది. అంకెలు తేలినంత మాత్రమున బ్లాకెట్టు బృందము తృప్తి పడలేదు, కారణము వెదకిరి. విశాలసముద్రమున చిన్న గుంపయినను పెద్ద గుంపయినను శత్రువు కంటబడు అవకాశము ఇంచుమించు సమానమే. లోనికి చొరబడిన జలాంతర్గామి ముంచగల ఓడల సంఖ్యయు గుంపు పెద్దదైనంత మాత్రమున పెరుగదు. ఇక కాపలా సంగతి. వృత్తముయొక్క వైశాల్యము రెట్టింపయినచో చుట్టుకొలత 1.41 రెట్లే యగునని మీకు తెలియును. కాపలా ఓడలు గుంపునకు ఎడముగా తిరుగును గనుక వాని వలయము ఇంకను తక్కువగా పెరుగును. 40 ఓడలకు బదులు 80 ఓడలున్నను ఆ వలయము ఏడవ వంతు మాత్రమే హెచ్చునని వారు తేల్చిరి. అనగా అవే కాపలా ఓడలు ఎక్కువ ఓడలను కాచును. అధికారులు సంకోచించి, తర్కించి, తుదకు 1943లో గుంపులను పెద్దవి చేసిరి.

ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో ఆబ్రహాము వాల్డు అను గణితజ్ఞుడు విమానముల సంగతి లెక్కించుచుండెను. యూదుడగుటచే ఐరోపా విడిచి 1938లో అమెరికా చేరినవాడు. యుద్ధము నుండి తిరిగివచ్చిన విమానములకు ఎచ్చటెచ్చట గుండ్లు తగిలినవో దెబ్బల పట్టిక యుండును. ఉక్కురేకు బరువు, విమానమంతటను తొడుగరాదు. ఎచ్చట తొడుగవలెను? దెబ్బలు మెండుగా నున్నచోట ననియే మనకు తోచును. కాని ఆ పట్టికలోనివన్నియు తిరిగివచ్చిన విమానములు. రెక్కలపై తూట్లు పడియు ఇల్లు చేరినదనగా, రెక్కపై దెబ్బను విమానము ఓర్చుకొన్నదని యర్థము. యంత్రభాగమున దెబ్బలు తక్కువగా కనబడినవనగా, అచట తగిలినవి తిరిగి రాలేదని యర్థము. పట్టికలో లేని విమానములను కూడ లెక్కలోనికి తెచ్చుట యెట్లో వాల్డు 1943లో గణితపత్రములుగా వ్రాసియిచ్చెను. ఈ వృత్తాంతమును నేడు కొందరు నాటకమువలె పెంచి, సేనాపతి యిట్లనెను, వాల్డు అట్లనెను అని సంభాషణలు కల్పించి చెప్పుదురు. అవి యక్కరలేదు, పత్రములు చాలును. 1950 డిసెంబరులో వాల్డు మన దేశమున ఉపన్యాసములీయ వచ్చి, భార్యతో కూడ ప్రయాణించుచుండగా ఆ విమానము నీలగిరులపై కూలి, ఇరువురును మరణించిరి.

మీకు వినోదముగా నుండునవియే చెప్పితినేని నేను సగము లెక్కయే చూపినవాడనగుదును. 1942లో జర్మనీ నగరములలో కార్మికుల ఇండ్లపై బాంబులు వేసిన యెడల యుద్ధము త్వరగా ముగియునని, ఇన్ని విమానములకు ఇన్ని ఇండ్లు కూలునని, చర్చిలుకు సలహాదారైన లిండెమను ఒక లెక్క సమర్పించెను. హెన్రీ టిజర్డు ఆ లెక్క చూచి, కూలుననిన ఇండ్ల సంఖ్య అయిదు రెట్లు హెచ్చుగా చూపబడినదనెను. బ్లాకెట్టు వేరుగా లెక్కించి ఆరు రెట్లనెను. వారి మాట చెల్లలేదు. దాడులు సాగినవి. యుద్ధానంతరము పరిశీలింపగా ఆ లెక్క పదిరెట్లు హెచ్చని తేలినది. ఇరుపక్షములవారును అంకెలు తెలిసినవారే. ఏలినవారికి ఏ లెక్క రుచించునో ఆ లెక్క గెలిచినది. ఆ ఇండ్లలో నున్నవారు స్త్రీలు, శిశువులు, వృద్ధులు అను సంగతికి ఆ కాగితమున గడియే లేదు. అట్టి గడి లేని కాగితము ముందుకు వచ్చినప్పుడు అది గీయుమని యడుగుటయు లెక్క వ్రాయువాని పనియే యని నా యభిప్రాయము.

యుద్ధము నుండి మన పొలమునకు వత్తము. ఇప్పుడు చెప్పబోవు అంకెలు నేను కల్పించినవి. మీ ఇంటి అంకెలు మీరు వేసికొనుడు. ఒక రైతుకు 10 ఎకరముల నేల, పంటకాలమంతటికి బోరునుండి 28 వంతుల నీరు కలదు. వరికి ఎకరమునకు 4 వంతులు కావలెను. వేరుసెనగకు 2 వంతులు చాలును. ఖర్చులు పోను వరి ఎకరమునకు 12,000 రూపాయలు, వేరుసెనగ 8,000 రూపాయలు మిగులును. ఏది వేయవలెను?

వరిపై ఆశ గలవాడు అంతయు వరియే యనును. 7 ఎకరములకే నీరు చెల్లి, 3 ఎకరములు బీడు పడును, మిగులునది 84,000. జాగ్రత్తపరుడు అంతయు వేరుసెనగ యనును. 8 వంతుల నీరు వాడకయే మిగులును. చేతికి వచ్చునది 80,000. నాలుగెకరములు వరి, ఆరెకరములు వేరుసెనగ వేయుడు. నేలయు సరిపోవును, నీరును సరిపోవును, 96,000 వచ్చును. వరి ఒక ఎకరము పెంచి చూడుడు: అయిదు వరి, మిగిలిన నీటికి నాలుగే వేరుసెనగ, 92,000. ఒక ఎకరము తగ్గించి చూడుడు: మూడు వరి, ఏడు వేరుసెనగ, మరల 92,000. గళ్ల కాగితముపై నేల కొక గీత, నీటి కొక గీత గీచినచో, ఆ రెండును ఖండించుకొను మూలయే ఈ నాలుగు, ఆరు. ఇట్టి లెక్కలలో ఉత్తమమైన జవాబు ఏదో యొక మూలలో తప్పక దొరకును.

ఇప్పుడు అసలు రుచి చూడుడు. ప్రక్క రైతు ఒక ఎకరము కౌలునకు ఇత్తుననెను. నీరు మాత్రము లేదు. ఎంత కౌలు ఇయ్యవచ్చును? వేరుసెనగ 8,000 ఇచ్చును గదా, 5,000 ఇచ్చినను లాభమే యని తోచును. లెక్కింపుడు. పదునొకండు ఎకరములకు అదే 28 వంతుల నీరు చాలవలెనన్న, వరి నాలుగు నుండి మూడునకు తగ్గి, వేరుసెనగ ఎనిమిదికి పెరుగవలెను. మొత్తము 1,00,000. అనగా ఆ ఎకరము తెచ్చునది 4,000 మాత్రమే. అయిదువేలకు కౌలు తీసికొన్నవాడు వేయి రూపాయలు పోగొట్టుకొనును. పంట బాగుగనే పండును గనుక తాను పోగొట్టుకొన్నట్లు వానికి ఎన్నడును తెలియదు. అట్లే ఒక వంతు నీరు అదనముగా దొరకినచో దాని విలువ 2,000, ఇంటివద్ద సరిచూచుకొనుడు. ఈ విలువలకు శాస్త్రమున నీడధరలని పేరు. బజారులో కనబడవు, నీడవలె లెక్క వెంట నుండును. సంఘమున అప్పు పత్రములు వ్రాయునప్పుడు ఈ నీడధర రైతుకు తెలిసిన ఎంత మేలగునని నేను పలుమారు తలంచుదును.

పంటలు రెండయిన గీతలు చాలును. అంశములు డెబ్బదియయిన? 1939లో లెనిన్‌గ్రాడున కాంటొరోవిచ్ అను గణితజ్ఞుడు ప్లైవుడ్డు కర్మాగారపు సమస్య నుండి ఈ మార్గము కనుగొనెను. దాని సంగతి పైదేశములకు చాలకాలము తెలియలేదు. 1947లో అమెరికాలో జార్జి డాంట్జిగు, మూలనుండి మూలకు నడచుచు ప్రతి యడుగునను లాభము చూచుకొను పద్ధతిని స్వతంత్రముగా రూపొందించెను. 1975లో ఈ విషయమున నోబెలు బహుమానము కాంటొరోవిచ్‌కును, కూప్‌మన్సుకును వచ్చినది; డాంట్జిగునకు రాలేదు. అది నాకు ఇప్పటికిని రుచింపలేదు.

డాంట్జిగు పద్ధతిని పరీక్షించిన విధము వినదగినది. స్టిగ్లరు అను ఆర్థికవేత్త 77 ఆహారపదార్థములను, శరీరమునకు వలయు 9 పోషకములను తీసికొని, మనుష్యుడొకడు సంవత్సరమంతయు అతి చౌకగా బ్రతుకు తిండి 39 డాలర్ల 93 సెంట్లు పడునని 1945లో ప్రకటించెను. ధరలు 1939వి. గోధుమపిండి, ఎండుచిక్కుళ్లు, క్యాబేజీ వంటివి అందలి భోజనము. రుచికి గడి లేదని మీరు గ్రహించియుందురు. 1947లో తొమ్మండుగురు గుమాస్తాలు చేతియంత్రములు త్రిప్పుచు డాంట్జిగు పద్ధతిని బట్టి ఈ లెక్క చేసిరి. 120 పనిదినములు పట్టినది. 39 డాలర్ల 69 సెంట్లు తేలినది. భేదము 24 సెంట్లు! స్టిగ్లరు ఊహకు గొప్పతనమే; కాని ఇంతకంటె తగ్గదని నిర్ధారించి చెప్పగలిగినవారు ఆ గుమాస్తాలే. నేడు కంప్యూటరు దానిని రెప్పపాటులో చేయును. 1984లో మన దేశీయుడగు నరేంద్ర కర్మార్కరు, మూలలవెంట గాక లోపలినుండియే దారి తీయు నింకొక వేగమైన పద్ధతిని ప్రకటించెను.

మన దేశమున ఈ శాస్త్రమునకు తొలి విభాగము 1949లో హైదరాబాదున, తరువాత ప్రాంతీయ పరిశోధనాలయమని పేరుగాంచిన సంస్థలో, ఏర్పడినదని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. 1957లో దేశమంతటికి ఒక సంఘము వెలసినది. రైళ్ల, విమానముల వేళలు, గిడ్డంగులలో సరుకు, ఆసుపత్రులలో పడకలు, వీనియన్నిటి వెనుకను నేడు ఈ లెక్కలున్నవి. ఆ జాబితా మీ కక్కరలేదు. ఈ గ్రంథాలయము మాట చెప్పి విరమింతును.

గ్రంథాలయ శాస్త్రమున మనకు గురువైన రంగనాథన్‌గారు తొలుత గణితోపాధ్యాయులు. పాఠకుని కాలము వ్యర్థము కానీయరాదన్నది 1931లో వారు ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది. అమెరికాలో 1942న జలాంతర్గాముల లెక్కలకు నాయకుడైన ఫిలిప్ మోర్సు, యుద్ధము ముగిసిన పిమ్మట తన విశ్వవిద్యాలయ గ్రంథాలయమును అవే కన్నులతో చూచి 1968లో ఒక గ్రంథము వ్రాసెను. ఒక పుస్తకము ఈ ఏడు ఎన్ని మారులు వెలికి పోయినదో తెలిసిన, వచ్చు నేడు ఎన్ని మారులు పోవునో. రెండవ ప్రతి ఎప్పుడు కొనవలెనో. ఇవి అందలి ప్రశ్నలు.

మన గ్రంథాలయమున ఇరువదియైదేండ్ల ఇచ్చిపుచ్చుకొనుటల రిజిస్టర్లు భద్రముగా నున్నవి. ఏ పుస్తకములు కొనవలెనన్న చర్చ వచ్చినప్పుడెల్ల పాలకవర్గమువారు వానినే చూతురు. ఎక్కువగా పోయిన రకమే మరల కొందురు. ఆ రిజిస్టర్లలో నున్నవారందరు పుస్తకము దొరకినవారు. అడిగిన పుస్తకము లేక వట్టి చేతులతో మరలినవాని పేరు అందు లేదు. తలుపు మూసియుండగా వచ్చి పోయినవాని పేరు లేదు. సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట ఆడపిల్లలు ఇచటికి రాజాలరు. గ్రంథాలయము తెరచునదో అయిదున్నరకు. రిజిస్టరున బాలికల పేర్లు తక్కువగా నుండుట చదువుపై కోరిక లేకనా, వేళ కుదురకనా? వాల్డునకు తిరిగిరాని విమానములెట్టివో మనకు వీరట్టివారు.

అందుచేత నొక నోటుబుక్కు కొని, గడులు గీచి, కార్యదర్శిగారి బల్లపై నుంచితిని. తేదీ, వచ్చిన వేళ, అడిగిన పుస్తకము, దొరకకపోవుటకు కారణము, ఆడపిల్లయా మగపిల్లవాడా: అయిదే గడులు. మూడు మాసములు విడువక వ్రాయవలెను. దినమున కిద్దరు కావలెను. ఒకరు అయిదు గంటలకే వచ్చి గుమ్మము వద్ద కూర్చుండవలెను, తలుపు తెరవకముందు వచ్చి పోవువారిని వ్రాసికొనుటకు. తొమ్మిదవ తరగతి, పదవ తరగతి విద్యార్థులలో ఇష్టమున్నవారు సభ ముగియగానే నా యొద్దకు వచ్చి పేర్లు వ్రాయించుకొనుడు.